ఐదు దస్తూరీల అమ్మాయి

మంగళవారం మధ్యాహ్నం రెండూ ఇరవైకి ఇంట్లోంచి బయల్దేరిన యాస్మిన్, గురువారం పొద్దున తొమ్మిదింపావుకి కూడా తిరిగి రాలేదు.

ఆ తొమ్మిదింపావుకి, చౌటుప్పల్‌లో ఆమె ఇంటి ముందుగదిలో ఇస్రాయేలు కూర్చుని ఉన్నాడు. పోలీసుశాఖలో ఇరవై ఆరేళ్ళు పనిచేశాడు. అందులో పదకొండేళ్ళు దొంగ సంతకాలు, మార్చిన దస్తావేజులు పట్టుకోవడమే పని. హెడ్ కానిస్టేబుల్‌గా ఉండగానే స్వచ్ఛంద విరమణ తీసుకుని నల్గొండలో ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు పెట్టాడు. ఇప్పుడు చేతిలో చిన్న నోటుపుస్తకం, అందులో మూడే మూడు వాక్యాలు. మూడింటి చివరా ప్రశ్నార్థకాలు.

"ఎక్కడికి పోతున్ననని చెప్పిందమ్మా?"

"జిరాక్స్ దుకాణంకు సార్" అంది యాస్మిన్ తల్లి జాహేదా. "యాదగిరి దుకాణంకు. కాయితాలు ఇచ్చొస్త, సాయంత్రం అసర్ నమాజు వరకు ఇంట్ల ఉంట అన్నది."

"ఇక్కడ్నుంచి దుకాణంకు ఎంతసేపు?"

"నడిస్తే పన్నెండు నిమిషాలు."

రెండూ యాభై రెండుకి యాస్మిన్ ఫోన్ ఆగిపోయింది. అంటే దుకాణం చేరాక ఆగి ఉండాలి. కానీ దుకాణానికీ, హైవే అవతలి క్వారీ గుంతకీ ఒకటే టవర్. బుధవారం పొద్దున మేకలు కాసుకునే ఒకాయనకు యాస్మిన్ చేసంచి ఆ గుంత గట్టున దొరికింది. సంచిలో ఒక ఉత్తరం.

"ఏం కాయితాలు తీస్కపోయింది?"

జాహేదా భర్త వైపు చూసింది. ఖుద్దూస్ కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఎంత కడిగినా పోని నల్లనూనె అతని గోళ్ళ సందుల్లో ఉంది. ఆ గోళ్ళనే చూసుకుంటూ, "ట్యూషన్ కాయితాలు" అన్నాడు.

"వాకిట్ల పొయ్యిని చూసిన ఖుద్దూస్ భాయ్. కట్టెల బూడిద వేరు, నోటుబుక్కుల బూడిద వేరు. ఏం కాలవెట్టినవ్?"

ఖుద్దూస్ చూపు వాకిలి వైపు పోయింది. జాహేదానే ఉర్దూలో ఏదో గట్టిగా అంది. అప్పుడు అతను నోరు విప్పాడు.

"ఈడ ఫార్మా కంపెనీలల్ల చేసేటోళ్ళు దూరవిద్యల డిగ్రీ చదువుతరు సార్. డిగ్రీ ఉంటెనే ప్రమోషన్. పొద్దంత డ్యూటీ చేసినోడు ఇంటికొచ్చి అసైన్‌మెంట్లు ఏం రాస్తడు? యాదగిరి ప్రశ్నలు తెచ్చిస్తడు, మా బిడ్డ రాసిస్తది, ఆయననే స్టడీ సెంటర్ల ఇస్తడు. చరిత్ర గానీ, ఎకనామిక్సు గానీ, కెమిస్ట్రీ గానీ, ఏ ప్రశ్న ఇచ్చినా పుస్తకాలు చూసి రాస్తది. నాకు మొన్నటిదాక తెల్వదు. నిన్న పోలీసులొచ్చి ఇదంత నేరమన్నరు. బిడ్డ వాపస్ వస్తే జైల్ల వేస్తరేమో అనిపిచ్చింది. చేతికి దొరికినయన్ని పొయ్యిల వెట్టిన."

"బతికొస్తదనుకునే కాలవెట్టినవ్ గదా?"

"అంతేగ సార్! ఇంకేమనుకోవాలె?"

ఇస్రాయేలు నోటుపుస్తకంలో ఏమీ రాసుకోలేదు. కూతుర్ని కాపాడుకోవడానికి ఆమెను వెతికే దారినే కాల్చేశాడు ఈ తండ్రి. కోప్పడదామని నోటిదాకా వచ్చింది కానీ, ఆ గోళ్ళు చూసి ఊరుకున్నాడు.

యాస్మిన్ గది చిన్నది. కిటికీ పక్కన మేజా, దాని మీద గ్లాసులో ఐదు పెన్నులు. గోడకు అతికించిన కాగితం మీద సబ్జెక్టుల పేర్లు, గడువు తేదీలు. అన్నింటికీ ఒకటే గడువు: గురువారం సాయంత్రం ఐదు. ఈ రోజే.

మేజా సొరుగులో అడుగున పరిచిన వార్తాపత్రిక కింద ఖుద్దూస్ కంటపడని కాగితాలు కొన్ని దొరికాయి. ఐదు అసైన్‌మెంట్ల చిత్తుప్రతులు. కాకతీయుల కాలంలో చెరువుల నిర్మాణం గురించి గుండ్రటి అక్షరాల్లో నాలుగు పేజీలు. డిమాండు వ్యాకోచత్వం గురించి కుడికి వాలిన అక్షరాల్లో మూడు. స్థానిక స్వపరిపాలన సన్నగా, నిలువుగా ఉంది. మిగతా రెండూ మరో రెండు రకాలు.

ఇస్రాయేలు వాటిని మంచం మీద వరుసగా పరిచాడు. ఒక్కరిలా లేదు. ఐదుగురు ఐదు చోట్ల కూర్చుని రాసినట్టుంది.

"అమ్మా, వీట్లల్ల మీ బిడ్డ రాసినయి ఏవి?"

జాహేదా ఒక్కొక్కటీ తాకి చూసింది. "అన్నీ గామెవే సార్. ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరుగ రాసేది. సెంటర్ల దొరకకుండ."

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక మనిషి ఐదు దస్తూరీలు ఇంత నిలకడగా రాయడం అతను చూడలేదు. తల్లి పొరబడుతోందేమో అనుకున్నాడు. భూతద్దం తీసి మోకాళ్ళ మీద కూర్చుని ఇరవై నిమిషాలు ఆ కాగితాల మీదే వంగాడు. అక్షరాల వాలు మారింది, గుండ్రం మారింది, ఎడం మారింది. తలకట్టు మాత్రం మారలేదు. తెలుగు రాసేవాళ్ళు తలకట్టును ఎడమ నుంచి మొదలుపెట్టి కుడికి ఎగదోస్తారు. ఇక్కడ గీత కుడి కొస నుంచి దిగింది. పెన్ను ఆగిన చోట, ఎడమ పక్క, సిరా కాస్త ముద్దగా నిలిచింది. ఐదింటిలోనూ అంతే.

"మొదలు ఏ భాష నేర్సుకుందమ్మా?"

"ఉర్దూ. మర్రిగూడల మా అమ్మ కాడ పెరిగింది. ఆమెనే కూసోవెట్టి దిద్దిచ్చింది. తర్వాత తెలుగు బడి."

కుడి నుంచి ఎడమకు నేర్చిన చెయ్యి. ఎన్ని వేషాలు వేసినా ఆ ఒక్కటి మార్చుకోలేదు. ఆమెకే తెలిసి ఉండదు.

వాకిట్లో బూట్ల చప్పుడైంది. ఎస్సై విజేందర్ గడపలోనే ఆగాడు. ముప్పై ఒక్కేళ్ళవాడు. రెండేళ్ళ కింద ఇస్రాయేలు ఒక భూమి కేసులో దొంగ సంతకం పట్టి అతని ఛార్జిషీటును కోర్టులో పడగొట్టాడు. ఆ సంగతి ఇద్దరూ మరిచిపోలేదు.

"ఇస్రాయేలన్నా, నా కేసుల నీకేం పని?"

పాత అలవాటు కొద్దీ ఇస్రాయేలు లేచి నిలబడ్డాడు. తర్వాత తన మీద తనకే చిరాకు వేసింది. "తల్లిదండ్రులు పిలిచిన్రు సార్."

"గుంతల గజ ఈతగాళ్ళు దిగిన్రు. ఇయ్యాల కాకపోతే రేపు దొరుకుతది. వీళ్ళకు లేనిపోని ఆశ వెట్టకు." విజేందర్ ప్లాస్టిక్ కవరులోని ఉత్తరాన్ని చూపించాడు. "వాలుగ రాసింది. నీ మంచం మీద కాయితం కూడ వాలుగనే ఉన్నది. ఒక్క చేతిదేనా, కాదా? నిజం జెప్పు."

ఇస్రాయేలు కవరు అందుకుని భూతద్దం పెట్టాడు. దొంగ ఉత్తరం అయి ఉంటుందనే అప్పటిదాకా అతని నమ్మకం. తలకట్లు చూశాడు. కుడి నుంచి ఎడమకు.

"ఆమెనే రాసింది" అన్నాడు మెల్లగా.

జాహేదా గోడకు ఆనుకుంది.

'నాయినా, నేను చేసిన తప్పు నన్ను నిలవనీయడం లేదు. మీ నమ్మకాన్ని వమ్ము చేశాను. మీ ముఖం చూసే ధైర్యం నాకు లేదు. నన్ను క్షమించండి.'

విజేందర్ బయటికి చదివాడు. చదవడం అయ్యేలోపే జాహేదా తల ఎత్తింది.

"నాయినా అని ఉన్నదా అండ్ల? మా బిడ్డ అబ్బా అంటది సార్. పుట్టినకాడ్నుంచి అబ్బానే. సచ్చెటప్పుడు మా బిడ్డకు నాయిన ఏడికెల్లి వచ్చిండు?"

"పొద్దంత తెలుగు రాసే పిల్ల గదమ్మా. తెలుగులనే రాసింది" అన్నాడు విజేందర్. గొంతు మాత్రం కొంచెం తగ్గింది.

ఇస్రాయేలు ఆ మాటలు సగమే విన్నాడు. ఉత్తరం పై ఎడమ మూలన ఒక చిల్లు ఉంది. కాగితాలను ట్యాగుతో కట్టడానికి వేసే చిల్లు. అతను మేజా దగ్గరికి వెళ్ళి, ఇందాక సొరుగులో చూసిన తెలుగు పేపరు ప్రశ్నల కాగితం తీసి ఎస్సై చేతిలో పెట్టాడు.

"నాలుగో ప్రశ్న చదువుండ్రి సార్."

విజేందర్ చదివాడు. 'తాను చేసిన తప్పుకు పశ్చాత్తాపపడుతూ ఒక యువకుడు తండ్రికి రాసే లేఖను మీ మాటల్లో రాయండి.'

"ఇది ఉత్తరం కాదు. అసైన్‌మెంట్ జవాబు. పైన ప్రశ్న నంబరు ఉన్నంత మేర కత్తిరిచ్చిన్రు."

"మనసుల మాట అండ్ల దొరికింది. ఆమెనే చింపుకోని సంచిల వెట్టుకున్నది. ఎందుకు కావద్దు?"

"చిల్లు చూడుండ్రి. 'నాయినా'ల మొదటి అక్షరాన్ని సగం కోసింది. రాసినంక పడ్డ చిల్లు. అంటె ఈ పేజీ రాసి, కట్టల కట్టి, ఎవరికో ఇచ్చినంక బయటికొచ్చింది."

"లేకపోతే ఆమెనే కట్టి, ఆమెనే విప్పింది."

ఇస్రాయేలు మళ్ళీ ఆ చిల్లు వైపు చూశాడు. కావచ్చు. అది కూడా కావచ్చు. రాసింది ఆమే, ఉత్తరం ఆమెది కాదు. కాగితం ఆమెది, మాటలు ఎవరో యువకుడివి.

"సాయంత్రం వరకు తిరుగు" అన్నాడు విజేందర్ వెళ్తూ. "ఈ దస్తూరీలు నేను గూడ సెంటర్ల పోల్చి చూపిస్త. అప్పుడు నువ్వే ఒప్పుకుంటవ్."

పదకొండూ ఐదుకి ఇస్రాయేలు జిరాక్స్ దుకాణంలో ఉన్నాడు. యాదగిరి నలభై ఏళ్ళ నెమ్మదస్తుడు. అడగకముందే చాయ్ తెప్పించాడు. మిషన్ ఆపకుండానే మాట్లాడాడు.

"పాపం సార్. బంగారమసొంటి పిల్ల. సోమవారమే ఆఖరిసారి చూసుడు."

"మంగళవారం రాలేదా?"

"రెండున్నరకు కరెంటు పోయింది. షట్టర్ దించి ఇంటికి పోయిన. వచ్చిందో లేదో నాకెట్ల తెలుస్తది?"

"తెలుగు పేపరు కట్టలు ఎవరి దగ్గరున్నయి?"

యాదగిరి చెయ్యి మిషన్ మూత మీద ఒక్క క్షణం ఆగింది. "సోమవారమే సెంటర్ల ఇచ్చేసిన సార్. ఆమె పని ఆనాటికే అయిపోయింది. ఇగ రాసేటియ్యి ఏం లెవ్వు."

బయటికొచ్చి ఇస్రాయేలు ఎదురుగా ఉన్న మెడికల్ షాపులో అడిగాడు. మంగళవారం మధ్యాహ్నం కరెంటు పోయిన మాట నిజమే. యాదగిరి షట్టర్ దించిన మాటా నిజమే. అమ్మాయిని చూశారా అంటే, చీకట్లో మందులు వెతుక్కుంటున్నాం, చూడలేదన్నారు. ఒక్క ముక్క కూడా అబద్ధమని తేలలేదు. మరి ఆ చెయ్యి ఎందుకు ఆగింది?

రెండూ పదికి అతను అధ్యయన కేంద్రంలోకి అడుగుపెట్టేసరికి విజేందర్ అప్పటికే అక్కడున్నాడు. కేంద్రం చూసుకునే నాగరాణి బల్ల వెనక కట్టల మధ్య కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. కళ్ళద్దాలు తాడుతో మెడలో వేలాడుతున్నాయి.

"మేడం, యాదగిరి సోమవారం ఇచ్చిన తెలుగు పేపర్లు చూడాలె" అన్నాడు ఇస్రాయేలు.

"తెలుగా? ఏడ ఇచ్చిండు? ఇంకా రాలే. ఐదింటికి గేటు మూస్త అని మధ్యాహ్నం కూడ చెప్పిన."

విజేందర్ తల తిప్పి చూశాడు.

"మరి మధ్యాహ్నం ఏం తెచ్చిండు?"

"పన్నెండూ పదికి పర్యావరణ రసాయనశాస్త్రం పదకొండు తెచ్చిండు. అందులో పది వాపస్ ఇయ్యాలె. రెండో ప్రశ్న అచ్చుతప్పు పడ్డదని నిన్న పదకొండింటికి కొత్త ప్రశ్న నోటీసుబోర్డుల వెట్టినం. వీళ్ళు పాతదానికే రాసిన్రు."

"పది పాతదానికి రాసిన్రు. పదకొండోది?"

"అదొక్కటి కొత్తదానికే రాసిన్రు."

ఇస్రాయేలు బల్ల మీదికి వంగాడు. "నిన్న పొద్దున పదకొండుకు ముందు ఆ కొత్త ప్రశ్న ఎవరికన్న తెలుసా?"

"నాకే తెల్వదు. మెయిల్ వచ్చిందే పదిన్నరకు."

నాగరాణి ఆ పదకొండో కట్ట తీసి బల్ల మీద పెట్టింది. ఇస్రాయేలు పైపేజీ తిప్పేసి నేరుగా రెండో జవాబుకు వెళ్ళాడు. 'మీ జిల్లాలో భూగర్భజలాల్లోని ఫ్లోరైడ్ ప్రజల ఆరోగ్యంపై చూపిన ప్రభావాన్ని ఉదాహరణతో వివరించండి.' కింద ఐదు పేజీల జవాబు. కుడికి వాలిన అక్షరాలు, ఉత్తరంలో లాగే. భూతద్దం పెట్టాడు. మొదటి తలకట్టు. రెండోది. పదోది. అన్నీ కుడి నుంచి ఎడమకు దిగాయి.

ఆ జవాబు నాలుగో పేజీలో ఒకచోట అతని కళ్ళు ఆగిపోయాయి. 'మర్రిగూడలో ఒక వృద్ధురాలు నడుము వంగక నమాజును కుర్చీలో కూర్చునే చేసేది. నేలకు నుదురు ఆనించి సజ్దా చేయలేకపోతున్నానని ప్రతి శుక్రవారం ఏడ్చేది. ఆమె నడుమును కట్టేసింది వృద్ధాప్యం కాదు, ఆమె తాగిన నీళ్ళు.'

ఫోన్ చేసి జాహేదాకు ఆ ముక్క చదివి వినిపించాడు.

"మా అమ్మ సార్" అంది జాహేదా. "అది మా అమ్మ సంగతే. ఎవరు రాసిన్రు?"

"మీ బిడ్డ రాసింది. నిన్న. అమ్మా, మీ బిడ్డ నిన్న బతికే ఉన్నది. ఇంకేం అడగకుండ్రి, ఫోను దగ్గర్నే ఉండుండ్రి."

విజేందర్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "మంగళవారం మునిగిన పిల్ల బుధవారం జవాబు రాసిందంటవా?"

"మునగలే సార్. పది ముందే రాసుంటది, మిగిలిన ఈ ఒక్కటి ఎవరో కూసోవెట్టి రాయిస్తున్నరు. ఉత్తరం మనల్ని గుంత చుట్టూ తిప్పెటందుకు."

"ఎందుకు? అసైన్‌మెంట్ల కోసం మనిషిని దాస్తరా ఎవరన్న?"

ఆ ప్రశ్నకు జవాబు నాగరాణి దగ్గర ఉంది. ఆమె కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుంది.

"సోమవారం ఆ పిల్ల నాకు ఫోన్ చేసింది. యూనివర్సిటీ తనిఖీ వాళ్ళు ఎన్నడొస్తరు మేడం అని అడిగింది. శనివారమన్న. వాళ్ళకు ఒక సంగతి చెప్పాలె, నేను రాసినయన్ని చెప్పేస్త, ఇగ నాతోని కాదు అన్నది. స్పీకర్ల ఉండె ఫోను. నేను కట్టలు లెక్కవెడుతున్న." ఆమె బల్ల అంచు వైపు చూపించింది. "యాదగిరి ఈ బల్ల ముందర్నే నిలబడ్డడు."

విజేందర్ అప్పటికే స్టేషన్‌కు ఫోన్ కలిపాడు. ఐదు నిమిషాల్లో కబురొచ్చింది. జిరాక్స్ దుకాణం షట్టర్ దించి ఉంది. యాదగిరి ఇంట్లో లేడు. ఫోన్ ఆపేసి ఉంది.

"ఈ పదకొండోది ఎవరిది? వాళ్ళను పట్టుకుంటె వాడు దొరుకుతడు" అంటూ విజేందర్ కట్టను తనవైపు తిప్పుకుని పైపేజీ చూశాడు.

చూస్తూనే ఉండిపోయాడు.

ఇస్రాయేలు మెడ చాచి చదివాడు. అభ్యర్థి పేరు శ్రీదేవి. కింద చిరునామా పోలీసు క్వార్టర్స్.

"మా ఇంటామె" అన్నాడు విజేందర్. ఎవరికి చెబుతున్నాడో అతనికే తెలియనట్టుంది. "ప్రైవేటు స్కూల్ల చెప్తది. డిగ్రీ ఉంటె పర్మినెంటు చేస్తమన్నరట. రాసుకుంటున్న అన్నది. పొద్దుగాల లేచి పుస్తకాలు ముందర వేసుకుంటది. నేనే చాయ్ వెట్టిచ్చిన."

ఆ కట్ట ఒక్కటే సాక్ష్యం. అది బయటికొస్తే భార్య చదువు పోతుంది, ఉద్యోగం పోతుంది, అతని పేరు పత్రికల్లోకెక్కుతుంది. అది లేకపోతే యాస్మిన్ క్వారీ గుంతలో మునిగిన పిల్లగానే ఉండిపోతుంది. విజేందర్ వేళ్ళు ఆ పేజీ అంచును పట్టుకుని ఉన్నాయి. గుంజుకోవాలా వద్దా? ఇస్రాయేలు తేల్చుకోలేకపోయాడు. నాగరాణి చూపు కిందికి దించేసింది.

"మేడం" అన్నాడు విజేందర్. "సీలు వేసే కవరు ఉంటె ఇయ్యుండ్రి."

కట్టను కవరులో పెట్టి, దాని మీద భార్య పేరు పూర్తిగా రాసి, కింద సంతకం చేసి, సాక్షి సంతకానికి పెన్ను ఇస్రాయేలు చేతికిచ్చాడు. తర్వాత ఫోన్ తీసి స్పీకర్ ఆన్ చేశాడు.

"శ్రీదేవీ, ఒకటి అడుగుత. అబద్ధం చెప్పకు. నీ అసైన్‌మెంట్లు ఎవరు రాస్తున్నరు?"

"ఎవరు చెప్పిన్రు నీకు?" అంది శ్రీదేవి.

"ఎవరు చెప్పిన్రో తర్వాత. యాదగిరియేనా?"

"ఆ. తప్పయింది. నీకు చెప్తె వద్దంటవని..."

"యాదగిరి ఏడున్నడు?"

"నాకెట్ల తెలుస్తది? పావుగంట కింద ఫోన్ చేసిండు, వేరే నంబరుకెల్లి. తెలుగు పేపరు ఒక్కటి మిగిలింది గదా. ఒక పేజీ పోయిందట, అదొక్కటి మళ్ళ రాపిస్తున్న, నాలుగింటికల్ల చేతికిస్త అన్నడు."

ఆ పోయిన పేజీ ఇప్పుడు విజేందర్ జేబులో, ప్లాస్టిక్ కవరులో ఉంది. ఇస్రాయేలు చేతి గడియారం చూసుకున్నాడు. మూడూ ఇరవై రెండు.

"ఇంకేమన్న అన్నడా? జర మంచిగ యాది చేసుకో" అన్నాడు విజేందర్.

"వచ్చే ఏడాదివి గూడ ఇవి రాసే పిల్లతోనే రాపియ్యమని అడిగిన" అంది శ్రీదేవి. "ఆ పిల్లను మర్చిపో మేడం, ఇదే ఆమె ఆఖరి పేజీ అన్నడు."